యూనియన్ చందా కట్టి పదిహేడేళ్లు: ఒక బోసన్ రివ్యూ

మిక్సీ కొనాలన్నా, కుక్కర్ కొనాలన్నా ముందు పదిమంది ఏం రాశారో చదివి గాని కొనడం లేదు మా ఇంట్లో. మా ఊరి కుర్రాళ్లు షిప్పు ఎక్కే ముందు నన్ను అడిగే ప్రశ్నకి మాత్రం ఎక్కడా రివ్యూ కనబడదు. "బాబాయ్, యూనియన్లో చేరాలా? చేరితే ఏటొస్తాది?" అందుకే నేనే రాస్తున్నా.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర ఒక పల్లె. ఉద్దానం. జీడి, కొబ్బరి, పనస, వాటితో పాటు ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు సీమెన్. 2008లో ఆర్నెల్ల ట్రైనింగ్ అయ్యాక ఓఎస్‌గా, అంటే డెక్ మీద అన్నిటికంటే కింది మెట్టులో ఎక్కాను, తర్వాత దాని పైమెట్టు ఏబీ, ఇప్పుడు బోసన్. మా తాతల కాలం కళాసీలు ఈ ఉద్యోగాన్ని సారంగు అనేవాళ్లు. డెక్ మీద పనంతా నా చేతుల మీదుగా నడుస్తుంది, తిట్లు కూడా నా మీదుగానే నడుస్తాయి.

యూనియన్ పేరు చెప్పను. రేటింగులకు, అంటే ఆఫీసర్లు కాని మా బోటి సిబ్బందికి, మన దేశంలో ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నాకు మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి, పేరు రాస్తే మెచ్చుకున్నవి వదిలేసి తిట్టినవే పట్టుకుంటారు.

ముందు ఖర్చు సంగతి. షిప్పులో ఉన్న నెలల్లో జీతంలోంచి కోత పడుతుంది, ఇంట్లో ఉన్నప్పుడు ఉండదు. కాంట్రాక్టు మొత్తానికి లెక్కేస్తే మా ఆవిడ ఏడాది ఫోన్ రీఛార్జి కంటే కాస్త ఎక్కువ. డబ్బు గురించి గొణిగేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. డ్యూటీ ఫ్రీ సిగరెట్లకు అంతకు పదింతలు తగలేస్తారు వాళ్లే.

చేరేటప్పుడు నేనూ అందరిలాగే పొరబడ్డాను. కార్డు చేతికొస్తే ఉద్యోగం వస్తుందనుకున్నా. రాదు. యూనియన్ ఉద్యోగాలిచ్చే ఆఫీసు కాదు. ఈ సంగతి తెలీక ఆర్నెల్లు వైజాగ్‌లో ఆ ఆఫీసు మెట్లెక్కి దిగాను. అక్కడ కూర్చునే ఆయన ప్రతిసారీ "కంపెనీల చుట్టూ తిరుగు నాయనా, నా చుట్టూ ఎందుకు" అనేవాడు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెడితే ఎంతమందికి బస్సు చార్జీలు మిగిలేవో.

మరి ఏమొస్తుంది? నా అనుభవంలో జవాబు ఇది: కార్డు వల్ల వచ్చేది కొంచెం, నువ్వు ఎక్కే షిప్పుకి సీబీఏ ఉంటే వచ్చేది చాలా. సీబీఏ అంటే యూనియన్, ఓనరు కూర్చుని బేరం ఆడి రాసుకున్న సమష్టి ఒప్పందం. ఒకే కార్డు జేబులో పెట్టుకుని నేను సీబీఏ ఉన్న షిప్పూ ఎక్కాను, లేని షిప్పూ ఎక్కాను. తేడా చెప్తాను.

2013లో నేను ఏబీగా ఒక బల్కర్ మీద ఉన్నా, అంటే సరుకు విడిగా పోసి తీసుకెళ్లే షిప్పు. ఆస్ట్రేలియా న్యూకాజిల్‌లో బొగ్గు లోడింగ్‌కి బెర్త్ మీద ఉండగా ఒక ఇన్‌స్పెక్టర్ గ్యాంగ్‌వే ఎక్కి వచ్చింది. ఐటీఎఫ్ మనిషి. ఐటీఎఫ్ అంటే ప్రపంచంలోని రవాణా కార్మిక సంఘాల సమాఖ్య, 1896లో లండన్‌లో పుట్టింది. చాలా రేవుల్లో వాళ్ల ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, మన వైజాగ్‌లో కూడా. యాభై దాటిన మనిషి, సేఫ్టీ షూస్, చేతిలో ఒక పాత కాలిక్యులేటర్. కెప్టెన్‌ని కలిసి, సీబీఏ కాపీ తీసుకుని మెస్‌రూమ్‌లో కూర్చుంది. పేస్లిప్పులు పట్రమ్మంది. మాలో సగం మంది పేస్లిప్పులు దాచుకోలేదు. నాకు మాత్రం మా నాన్న అలవాటు, ప్రతి కాగితం బిస్కట్ డబ్బాలో పెడతాను.

ఆ ఒప్పందంలో నెలకి 103 గంటల గ్యారంటీ ఓవర్‌టైమ్ ఉంది. అంటే చేసినా చేయకపోయినా ఆ 103 గంటల డబ్బు ఇవ్వాల్సిందే. అది దాటి చేసిన ప్రతి గంటకీ విడిగా కట్టాలి. నా పని గంటల కాగితం, నెలనెలా నేనూ ఆఫీసరూ సంతకం పెట్టేది, ఆమె పక్కన పరిచింది. ఒక నెల 131, ఇంకో నెల 122, మరో నెల 137. పేస్లిప్పులో మూడు నెలలకీ 103 గంటల డబ్బే పడింది. ఆమె ఏమీ మాట్లాడకుండా ఒక్కో అంకె కింద పెన్సిల్‌తో గీత గీసి తీసివేత వేసింది. 28, 19, 34. మొత్తం 81 గంటలు. నా రేటు గంటకి నాలుగున్నర డాలర్లు. కాలిక్యులేటర్ నా వైపు తిప్పి చూపించింది: 364.50.

అప్పటి మారకంలో అది దాదాపు 22 వేల రూపాయలు. నేనైతే అడిగేవాణ్ని కాదు. అడగాలని తెలీదు కూడా. నా పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ మోటర్‌మ్యాన్‌కి (ఇంజన్ రూమ్‌లో పనిచేసేవాడు) అంతకంటే ఎక్కువ తేలింది, అతను రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వాడు. సాయంత్రానికి కెప్టెన్, కంపెనీ మధ్య ఈమెయిళ్లు నడిచాయి. మర్నాడు లోడింగ్ అయ్యేలోగా క్యాష్ చేతికొచ్చింది. కంపెనీ చెడ్డదని అననుగాక అనను, లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లు వేయలేదు. పేరు అందుకే రాయడం లేదు.

ఇప్పుడు రెండో కథ. ఇందులో తప్పు ముందు నాదే.

2017 చివర్లో ఇంటికొచ్చి ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. పాత కంపెనీ షిప్పులు అమ్మేసింది. పిల్ల స్కూలు ఫీజు, చెల్లి పెళ్లి అప్పు. వైజాగ్‌లో ఒక ఏజెంటు లక్షన్నర అడిగాడు. "ప్రాసెసింగ్" అన్నాడు. ఉద్యోగం ఇప్పించడానికి సీమాన్ దగ్గర పైసా తీసుకోకూడదని అంతర్జాతీయ నియమం ఉంది, మన దేశంలోనూ ఉంది. షిప్పుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు లేకుండా మనుషుల్ని షిప్పు ఎక్కించడమే నేరం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ కట్టాను. రసీదు అడిగితే నవ్వాడు.

షిప్పు పాతది, జెండా, అంటే రిజిస్ట్రేషన్, ఒక చిన్న దేశానిది, ఓనరు ఎవరో ఇంకో దేశంలో. సీబీఏ లేదు. మే నెల జీతం వచ్చింది. జూన్‌ది రాలేదు. "వచ్చే పోర్టులో" అన్నారు. వచ్చే పోర్టులో "వచ్చే పోర్టులో" అన్నారు. ఆగస్టులో గల్ఫ్‌లో ఒక యాంకరేజ్‌లో లంగరు వేశాక షిప్పు ఇంక కదలలేదు. డీజిల్ పొదుపు కోసం ఏసీ రోజుకి నాలుగు గంటలు. చీఫ్ కుక్ ఒరిస్సా అతను, పప్పులో నీళ్లు ఎక్కువవుతున్నకొద్దీ మా మొహాలు చూడ్డం మానేశాడు.

అక్టోబరు 11 తెల్లవారుజామున మా ఊరి మీద తిత్లీ తుఫాను పడింది. బ్రిడ్జి పక్కన నిలబడితే ఒడ్డు సిగ్నల్ ఒక గీత వచ్చేది. రెండు రోజుల తర్వాత అక్కడే మా ఆవిడ వాయిస్ మెసేజ్ విన్నాను. "ఇల్లు నిలబడింది. తోటలో 40 చెట్లకి 31 పోనాయి. నువ్వు డబ్బులేమైనా పంపగలవా?" ఉద్దానంలో కొబ్బరి చెట్టు పోవడం అంటే ఏంటో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మళ్లీ మొక్క పెట్టి కాపు చూసేసరికి పెట్టినవాడికి జుట్టు తెల్లబడుతుంది. నేను పంపగలిగింది ఏమీ లేదు.

ఆ రోజు యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేశాను. మూడుసార్లు ఎవరూ ఎత్తలేదు. ఇది రివ్యూ కాబట్టి రాయాలి: ఆఫీసు టైమింగులు బ్యాంకు వాళ్లవి, సముద్రంలో మా కష్టాలకి టైమింగులు ఉండవు. నాలుగోసారి ఎత్తారు. ఏజెంటు ఎవరన్నారు. చెప్పాను. ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఎంతన్నారు. లేదన్నాను. ఇక అయిదు నిమిషాలు ఆపకుండా తిట్టారు. "మేం మీటింగులు పెట్టి గొంతు చించుకుంటాం, మీరు వెళ్లి లక్షలు పోసొస్తారు." నా బ్యాలెన్స్ అయిపోతోందని చెప్పాక తిట్లు ఆగాయి. ఆ తర్వాత ఆయన అడిగిన మాట మాత్రం నేను మర్చిపోలేను.

"మెస్‌రూమ్ నోటీసు బోర్డు మీద ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఉంటుంది చూడు. ఫొటో తీసి పంపు."

ఉంది. డ్రిల్ షెడ్యూలుకి, 2016 నాటి ఒక క్యాలెండరుకి మధ్య, ప్లాస్టిక్ కవర్లో. అయిదు నెలలుగా దాని ఎదురుగా కూర్చుని మూడు పూటలా అన్నం తిన్నాను. ఒక్కసారి చదవలేదు. కింద ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఉన్నాయి.

అది ఎందుకు ఉందో తర్వాత తెలిసింది. ఎంఎల్‌సీ అని నావికుల హక్కుల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓలో రాసుకున్నారు, 2013 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ఒప్పుకుంది. దానికి చేసిన సవరణ 2017 జనవరి నుంచి నడుస్తోంది: ఓనరు సిబ్బందిని వదిలేస్తే ఆదుకునే ఇన్సూరెన్సు ప్రతి షిప్పుకీ ఉండాలి, ఆ కాగితం అందరికీ కనబడేచోట అంటించాలి. రెండు నెలల జీతం బాకీ పడితే చాలు, వదిలేసినట్టే లెక్క. ఇన్సూరెన్సు వాళ్లు తిండి, నీళ్లు, ఇంటికి టికెట్టు, నాలుగు నెలల దాకా జీతం ఇవ్వాలి. అంటే ఆగస్టు ఆఖరుకే నేను అడగొచ్చు. అక్టోబరు దాకా "వచ్చే పోర్టు" కోసం చూస్తూ కూర్చున్నా.

యూనియన్ ఐటీఎఫ్‌కి రాసింది, వాళ్లు ఇన్సూరెన్సు వాళ్లకీ జెండా దేశానికీ రాశారు. నవంబరు మధ్యలో ఇల్లు చేరాను. నాకు రావాల్సింది అయిదున్నర నెలల జీతం, వచ్చింది నాలుగు నెలలది. మిగిలిన నెలన్నర ఇప్పటికీ రాలేదు. ఏజెంటు లక్షన్నర సరేసరి.

ఆ నాలుగు నెలల జీతం కార్డు వల్ల వచ్చిందా? నిజం చెప్పాలంటే కార్డు లేకపోయినా ఆ సర్టిఫికెట్ మీది నంబరుకి నేనే ఫోన్ చేయొచ్చు, అది నా హక్కు. ఐటీఎఫ్ వాళ్లు సభ్యుడు కానివాడు ఫోన్ చేసినా ఎత్తుతారు. యూనియన్ నాకు ఇచ్చింది ఏంటంటే, ఎటు చూడాలో చెప్పిన ఒక గొంతు. తెలుగులో, మన యాసలో తిట్టి మరీ చెప్పిన గొంతు. దాని విలువ ఎంత వేస్తారో మీ ఇష్టం. ఆ గొంతుకి నేను ఒక స్టార్ ఇస్తా.

మూడో అనుభవం 2022ది. ఈసారి సీబీఏ ఉన్న షిప్పు, బోసన్‌గా. షిప్పు రేవుకి చేరేటప్పుడు దాన్ని కట్టే తాడు, మూరింగ్ రోపు, బిట్స్ అనే ఇనుప దిమ్మల మీద వేస్తుండగా ఎడమచేతి నడిమి వేలు రోపుకీ ఇనుముకీ మధ్య పడింది. నొప్పి తర్వాత వచ్చింది. ముందు గ్లోవ్ వేలు ఖాళీగా వేలాడటం చూశాను. పై కణుపు పోయింది.

ఇక్కడి నుంచి జరిగినదంతా క్లాజు నంబర్ల ప్రకారం జరిగింది, నేను ఎవర్నీ బతిమాలలేదు. అదే నాకు వింతగా అనిపించింది. ఆస్పత్రి ఖర్చు, టికెట్టు కంపెనీవి. ఇంటికొచ్చాక మా ఒప్పందం ప్రకారం గరిష్ఠంగా 130 రోజుల దాకా సిక్ వేజెస్. ఎంఎల్‌సీ ఒక్కటే ఉంటే 16 వారాలకే ఆపేయొచ్చు. ఒక్క మాట, సిక్ వేజెస్ బేసిక్ మీద లెక్కేస్తారు. కుర్రాళ్లకి ఏజెంట్లు చూపించేది టోటల్: బేసిక్, ఓటీ, లీవ్ పే, అన్నీ కలిపిన ఒకే లావు అంకె. టోటల్ ఎక్కువగా ఉండి బేసిక్ చిన్నదిగా ఉంటే ఆస్పత్రి మంచం మీద తెలుస్తుంది తేడా. ఏబీకి ఐఎల్‌ఓ లెక్కలో కనీస బేసిక్ 2025లో 673 డాలర్లు ఉండేది. నీ ఏబీ కాంట్రాక్టులో బేసిక్ అంతకంటే తక్కువ కనబడితే ఆ పెన్ను అక్కడే కింద పెట్టెయ్యి.

పెన్ను అంటే గుర్తొచ్చింది. వేలు పోయిన నెలా పది రోజులకి కంపెనీ తరఫున ఒకాయన మా ఇంటికి వచ్చాడు. యాపిల్ పళ్లు తెచ్చాడు, పిల్లని ఎత్తుకున్నాడు. వెళ్లేముందు ఒక కాగితం తీశాడు. ఇంత మొత్తం ఇస్తున్నాం, దీంతో అన్నీ తీరిపోయినట్టు, ఇక్కడ సంతకం. మొత్తం చూస్తే నోరూరేలాగే ఉంది. పెన్ను కుడిచేతిలో పట్టుకున్నా, ఎడమచెయ్యి కట్టుతో కాగితం కదలకుండా అదిమి పట్టా. మా ఆవిడ వంటింట్లోంచి అంది, "ఆ యూనియనాయనకి ఓసారి ఫోన్ చెయ్యరాదా, ఏడాదికి అంత కడతావు." పదిహేడేళ్లలో చందా గురించి ఆవిడ అన్న మంచిమాట అదొక్కటే.

ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే: "వైకల్యం ఎంత శాతం అని రాశారు?" కాగితంలో 4 శాతం. కంపెనీ డాక్టరు వేసింది. "సంతకం పెట్టకు. నీ డాక్టరుకి చూపించు." మా ఒప్పందంలో ఈ ఏర్పాటు ఉంది. కంపెనీ డాక్టరు లెక్క మనకి నచ్చకపోతే మన డాక్టరుకి చూపించుకోవచ్చు. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే కంపెనీ, యూనియన్ కలిసి మూడో డాక్టర్ని పెట్టుకుంటాయి, ఆయన చెప్పిందే ఇద్దరికీ ఖాయం. వైజాగ్‌లో నేను చూపించుకున్న ఎముకల డాక్టరు 9 అన్నాడు. మూడో ఆయన నా చేత గుండీలు పెట్టించాడు, తాడు ముడి వేయించాడు, బరువు సంచి పట్టించాడు, చివరికి 7 రాశాడు. మా సీబీఏలో పరిహారం శాతాన్ని బట్టి పెరుగుతుంది, ఒక్కో శాతానికి దాదాపు వెయ్యి డాలర్లు. 4కీ 7కీ మధ్య ఎంతో మీరే చూసుకోండి. ఆ మూడు శాతాలు నా పదిహేడేళ్ల చందాని ఎన్నో రెట్లు తిరిగిచ్చాయి.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, 2018 షిప్పులో ఇదే వేలు పోయి ఉంటే మూడో డాక్టరు మాట ఏ కాగితంలోనూ లేదు.

అసలు ఈ ఒప్పందాలు ఎందుకొచ్చాయో పొడుగ్గా చెప్పను. ఓనరు గ్రీసు వాడు, జెండా పనామాది, మనుషులు మనమూ ఫిలిప్పీన్స్ వాళ్లూ. ఏ దేశపు కార్మిక చట్టం వర్తించాలి? కాగితం మీద జెండా దేశానిది, ఓనరుకి అదే వదులుగా ఉంటుంది, అందుకే ఆ జెండా. దీని మీద ఐటీఎఫ్ 1948 నుంచి పోరాడుతోంది. ఆ పోరాటంలోంచి వచ్చినవే ఈ సీబీఏలు. ఇప్పుడు పెద్ద కంపెనీల సంఘాలతో 2003 నుంచి ఐబీఎఫ్ అనే ఉమ్మడి వేదిక మీద బేరాలు నడుస్తున్నాయి. భారత జెండా షిప్పుల వాళ్లకైతే ముంబైలో నేషనల్ మారిటైమ్ బోర్డు అని విడిగా ఉంది. ఒకటి గుర్తు పెట్టుకుంటే చాలు: నీ సొంత కాంట్రాక్టు సీబీఏ కంటే మెరుగ్గా ఉండొచ్చు, తక్కువగా ఉండకూడదు.

ఆఫీసర్లు దీన్ని చదివి "ఇది రేటింగుల గోల" అనుకుంటారేమో. మా బావమరిది సెకండ్ ఆఫీసర్. "నాకెందుకు బావా యూనియన్, ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి" అనేవాడు. మన ఆఫీసర్లకి 1939 నుంచి మారిటైమ్ యూనియన్ ఆఫ్ ఇండియా ఉంది, అందులో చేరడానికి వాడికి ఆరేళ్లు పట్టింది. 2024లో వాడి షిప్పుకి ఎర్ర సముద్రం మీదుగా వెళ్లమని ఆర్డరొచ్చింది, యెమెన్ హౌతీలు షిప్పుల మీద క్షిపణులు వేస్తున్న రోజులు. వాళ్ల షిప్పుకి ఐబీఎఫ్ ఒప్పందం ఉంది. దాని ప్రకారం యుద్ధ ప్రాంతం అని ప్రకటించిన చోటికి వెళ్లనని చెప్పొచ్చు, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి, ఉద్యోగం పోకూడదు. వెళ్తే బేసిక్‌కి సమానంగా బోనసు, ప్రాణానికో అవయవానికో ఏమైనా అయితే పరిహారం రెట్టింపు. కెప్టెన్ అందర్నీ మెస్‌రూమ్‌కి పిలిచి ఒక్కొక్కరినీ అడిగాడట. ఇద్దరు వెళ్లేది లేదన్నారు, కొలంబోలో దిగి ఇంటికొచ్చేశారు. మావాడు వెళ్లాడు. అక్కకి చెప్పకుండా వెళ్లాడు, అది వేరే గొడవ.

ఆఫీసర్లకి ఇంకో భయం కూడా ఉంది, మాకు అంతగా లేనిది. జైలు. 2007 డిసెంబరులో దక్షిణ కొరియా తీరంలో హెబే స్పిరిట్ అనే ట్యాంకర్ లంగరు వేసుకుని ఉంటే, తాడు తెగిన క్రేన్ బార్జి ఒకటి వచ్చి గుద్దింది. సముద్రమంతా నూనె. కింది కోర్టు వదిలేసినా పై కోర్టు 2008 డిసెంబరులో మన దేశపు కెప్టెన్‌నీ చీఫ్ ఆఫీసర్‌నీ జైల్లో పెట్టింది. ఆగి ఉన్న షిప్పు వాళ్లని! ఐటీఎఫ్, మన యూనియన్లు, ఓనర్ల సంఘాలు కూడా ఒక్కటై గొడవ చేశాయి. 2009 జూన్‌లో గాని వాళ్లు ఇల్లు చేరలేదు. నేను అప్పుడే కొత్తగా చేరినవాణ్ని, ఆ పేర్లు ప్రతి మెస్‌రూమ్‌లో వినబడేవి.

ఇక తిట్లు. దాచుకోను.

పత్రిక వస్తుంది. ఇరవై పేజీల్లో పద్దెనిమిది పేజీలు నాయకులు ఒకరికొకరు శాలువాలు కప్పుకునే ఫొటోలు. నా పిల్ల స్కాలర్‌షిప్ ఫారం ఎక్కడ నింపాలో ఆ ఇరవై పేజీల్లోనూ ఉండదు. ఆ ఫారం ఒకసారి పంపితే సంతకం నీలం ఇంకులో ఉందని తిప్పి పంపారు. నల్ల ఇంకుతో మళ్లీ పంపేసరికి గడువైపోయింది. ఎన్నికలు మేం సముద్రంలో ఉన్నప్పుడు జరిగిపోతాయి, నా పదిహేడేళ్లలో నేను ఓటేసింది ఒక్కసారి. సీబీఏ బేరాల్లో ఏం అడగాలో మమ్మల్ని ఎవరూ అడిగింది లేదు. హోల్డ్ క్లీనింగ్ బోనసు సంగతే చూడండి. బొగ్గు దింపాక గోధుమ ఎక్కించాలంటే హోల్డు, అంటే సరుకు పోసే గది, అద్దంలా కడగాలి, నిచ్చెనల మీద నిలబడి హై ప్రెషర్ నీళ్లతో, కెమికల్‌తో. ఆ పని రేటు ఎంత ఉండాలో ఆ పని చేసేవాడికి తెలిసినట్టు ముంబైలో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకి తెలుస్తుందా?

సీబీఏ కాపీ షిప్పులో ఉండాలని నియమం. ఉంటుంది. ఎక్కడుంటుంది? కెప్టెన్ ఆఫీసులో ఫైల్లో. అడిగితే "ఎందుకు, ఏమైనా ప్రాబ్లమా?" అని చూసే చూపుకి కొత్త కుర్రాడు మళ్లీ అడగడు. నేను ఇప్పుడు బోసన్‌ని కాబట్టి ఎక్కిన వారంలోనే ఒక ఫొటోకాపీ తీయించి క్రూ మెస్‌లో టీ డబ్బాల పక్కన పెడతాను. రెండు షిప్పుల్లో ఎవరూ ముట్టుకోలేదు. మూడో షిప్పులో ఒక ఓఎస్ పేజీలు మడతలు పెట్టి చదివాడు. కాకినాడ కుర్రాడు. విశ్రాంతి గంటల పేజీ పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, "బోసన్ గారూ, నిన్న నాకు పది గంటల రెస్ట్ రాలేదు" అని. వాడి చేత పని చేయించింది నేనే. ఏం చెప్పను, మధ్యాహ్నం పడుకోమన్నాను.

స్టార్లు వేయాలంటే, కార్డుకి ఒక్కదానికి అయిదుకి రెండు. సీబీఏ ఉన్న షిప్పుతో కలిపి అయితే నాలుగు. అయిదో స్టారు ఆ నీలం ఇంకు దగ్గర పోయింది.

కుర్రాళ్లు అడుగుతారు కాబట్టి ఇంకొక్కటి. కాంట్రాక్టు వచ్చాక సంతకానికి ముందు చదువుకోవడానికి టైమ్ ఇవ్వాలి, అది కూడా నియమమే. దాని మీద మామూలుగా షిప్పు ఐఎంఓ నంబరు ఉంటుంది, షిప్పు గుర్తింపు నంబరు, ఏడంకెలు. ఐటీఎఫ్ సీఫేరర్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఆ షిప్పుకి ఒప్పందం ఉందో లేదో కనబడుతుంది. ఏజెంటు లైసెన్సు డీజీ షిప్పింగ్ సైట్‌లో చూడొచ్చు. రెండూ కలిపి పది నిమిషాల పని. 2018లో నా దగ్గర ఆ పది నిమిషాలు లేవనుకున్నా.

మొన్న ఆదివారం మా అన్న కొడుకు వాట్సాప్‌లో కాంట్రాక్టు పంపాడు. మొదటి షిప్పు, ఓఎస్. ఏజెంటుకి లైసెన్సు ఉంది, చూశాను. జీతం బాగానే ఉంది. రెండో పేజీలో సీబీఏ పేరు రాయాల్సిన గడి ఒకటి ఉంది, అందులో ఏమీ రాయలేదు. ఐఎంఓ నంబరు ఉండాల్సిన చోట షిప్పు పేరు మాత్రమే ఉంది. ఆ రెండూ నింపించుకుని రమ్మన్నాను. "అడిగితే వేరేవాడికి ఇచ్చేస్తారేమో బాబాయ్" అన్నాడు. ఇచ్చేస్తే ఇచ్చేయనీ అన్నాను. సోమవారం పొద్దున ఇచ్ఛాపురంలో రైలెక్కి వైజాగ్ వెళ్లాడు. ఇవాళ బుధవారం, ఇంకా ఫోన్ చేయలేదు.